చిట్టికారు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక.

వెనకటి వ్యాఖ్యాతలు కవి వంశమూ, దేశమూ, పద్యం పుట్టిన సందర్భమూ చెప్పిగానీ గంటం కదిపేవాళ్ళు కాదు. కవి నా మేనల్లుడు. ఇంజనీరింగు అయిపోయి, ఇదిగో పిలుస్తాం అదిగో పిలుస్తాం అంటున్న ఉద్యోగం కోసం ఇంటి దగ్గర కూర్చున్నాడు. దేశం పర్చూరు. ఆ ఊరు 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది, తర్వాత ప్రకాశానికి వెళ్ళింది, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా అంటున్నారు. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు. నల్లరేగడి అదే, పత్తి అదే, మిరప అదే. పై రేకు మారుతూ వచ్చిందంతే. ఈ ముక్క ఇక్కడ ఎందుకు పెట్టానో 'చిట్టి' శబ్దం దగ్గర తేలుతుంది.

సందర్భం: డాలస్‌లో ఉంటున్న వాళ్ళ అక్క వస్తూ వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చింది. లోపల 1932 ఫోర్డు కూపే, అసలు బండిలో ఇరవయ్యైదో వంతు, ముక్కలు ముక్కలుగా. అది అతికితే మామూలు పాత ఫోర్డు అవుతుంది. వీడికి మామూలుది అక్కర్లేదు, హాట్ రాడ్ కావాలి, అంటే పందెం కోసం కోసి మార్చిన పాత బండి. నలభై రోజులు మేడమీది గదిలో తలుపేసుకున్నాడు. ఫాల్గుణమాసం. బయట డాబా నిండా ఏడాది కారానికి మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి మధ్య కారుని పెట్టి, మీద ఒక చెప్పుల పెట్టె బోర్లించి, దానిమీద ఈ ఆటవెలది అంటించాడు.

మూలం.

కప్పు కోసి దించి, కాస్త ముందుకు వంచి
యెర్రరంగు పూసి యెండ నుంచి
చిట్టికారు మీద చేయి వేసినవాడు
మిరపకాయ తినును మేడపైన

మెదకు సీమవాడైన కోలాచలం మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకుని టీకలు రాశాడు. నేను ఏ ఒట్టూ పెట్టుకోలేదు.

ప్రతిపదార్థం.

కప్పు = కారు పైకప్పు. టీ కప్పు అని వాళ్ళ నాయనమ్మ పక్షం. రంగు కలపడానికి వంటింట్లోంచి రెండు పింగాణీ కప్పులు మాయమైనందువల్ల ఆవిడ అలా అర్థం చెప్పుకుంది. కానీ తర్వాతి పదం 'కోసి'. పింగాణీని పగలగొడతారుగానీ కోయరు. కనుక ఆ పక్షం నిలవదు. కప్పులు కూడా ఇంకా దొరకలేదు.

కోసి = మిరపకోతలో కోసినట్టు గిల్లి కాదు, యాక్సా బ్లేడుతో రాచి. ఇది ఈ విద్యకి ఆయువుపట్టు కనుక కొంచెం ఆగుతాను. కాలిఫోర్నియాలో 1930లలో కొందరు కుర్రాళ్ళు పాత ఫోర్డు బళ్ళు చవగ్గా కొని, మడ్‌గార్డులు పీకేసి, ఇంజను బలం పెంచి, ఎండిపోయిన సరస్సుల అడుగున పందేలు వేసుకునేవాళ్ళు. వేసవిలో మన చెరువు పర్ర ఎలా ఉంటుందో అలాంటి నేల, కాకపోతే మైళ్ళ పొడవు. అందులో ఒకదాని పేరు ఎల్ మిరాజ్, అంటే ఎండమావి. పందేలకు కట్టుబాట్లు పెట్టడానికి 1937లో సంఘం కూడా కట్టారు. గాలి అడ్డు తగ్గాలంటే ఎత్తు తగ్గాలి. అందుకని పైకప్పుని మోసే స్తంభాలని అద్దాల మధ్య కోసి, కప్పుని కిందికి దించారు. తర్వాత పందెం సంగతి వదిలేసి అందం కోసమే కోయడం మొదలైంది. కనుబొమలు ముడిచి చూస్తున్నట్టుంటుంది బండి.

అసలు కారులో మూడంగుళాలు దించాలనుకుంటే, ఇరవయ్యైదో వంతులో అది మూడు మిల్లీమీటర్లు. కందిపప్పు బద్ద మందం. అర మిల్లీమీటరు ఎక్కువ కోశామా, అసలు బండికి అరంగుళం తప్పినట్టే. పైగా స్తంభాలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటే, కోసి దించిన కప్పు కింది మోడులమీద కూర్చోదు. మూత చిన్నదైన డబ్బాలా అవుతుంది. అప్పుడు కప్పునే నాలుగు ముక్కలు చేసి మధ్యలో అతుకు వెయ్యాలి. 1932 ఫోర్డుకి స్తంభాలు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్ళు దానితో బతికిపోతారు. 1949 మెర్క్యురీ జోలికి మొదటే వెళ్ళకూడదు. కవికి ఇది తెలుసు. తెలిసి కూడా మొదటి కోతలో ఎడమవైపు ఎక్కువ కోశాడు.

దించి = అతికి అని శేషం. అతకడం రెండు రకాలు. ప్లాస్టిక్కుని కరిగించి ఏకం చేసే జిగురు ఒకటి. రెండోది చిటికెలో పట్టే ఫెవిక్విక్. దానిమీద చిటికెడు వంటసోడా చల్లితే ఆ క్షణాన్నే రాయిలా బిగుస్తుంది. సందులు పూడ్చడానికి ఇంతకన్నా చవకైన లప్పం లేదు. ఆ వారం బజ్జీలు పొంగకపోవడానికి కారణం ఇదే. ఆ పైన వాటర్ పేపరు తడిపి రుద్దాలి, వేలికి అతుకు తగలనంతవరకు. ఈ విద్యలో ప్రకాశం సీమకి పెద్దలున్నారు. అద్దంకిలో ప్రోలయవేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన, నన్నయ మధ్యలో వదిలిన అరణ్యపర్వాన్ని పూరించాడు. నన్నయగారి దగ్గర మొదలుపెట్టి మెల్లగా తిక్కనగారి తీరులోకి మళ్ళుతూ రాసి, దాన్ని నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. తన పేరు రాకపోయినా సరే, అతుకు కనపడకూడదు. అంతకన్నా వాటర్ పేపరు పని ఏముంటుంది! మా కవి ఎడమవైపు అతుకు మాత్రం అంత దూరం నుంచే కనపడుతుంది.

కాస్త ముందుకు వంచి = బండి ముక్కు కిందికీ తోక పైకీ ఉండేట్టు, ముందు చిన్న చక్రాలూ వెనక పెద్ద చక్రాలూ వేసి. పందెం బండ ముందు కట్టిన ఒంగోలు గిత్త మెడ దించి కాళ్ళు తన్నిపట్టి నిలబడే తీరు ఇదే. అమెరికావాళ్ళు తర్వాత పావు మైలు గీతమీద పెట్టుకున్న పందేన్ని 'డ్రాగ్' అంటారు. ఆ మాటకి లాగడమని అర్థం. అక్కడ లాగడానికి బండ ఏదీ అంటే జవాబు లేదు. పేరు వాళ్ళకి, బండ మనకి.

ఎర్రరంగు = ఎరుపు ఒక్కటే అనుకుంటే వ్యాఖ్యానమే అక్కర్లేదు. జో బైలాన్ అనే కాలిఫోర్నియా పనివాడి పేరుమీద ప్రసిద్ధికెక్కిన ఎరుపు ఒకటుంది. అడుగున వెండి పూతో బంగారు పూతో వేసి, పైన అద్దంలాంటి ఎరుపుని పలచగా పొరలు పొరలుగా వేస్తారు. వెలుగు ఎరుపులోంచి లోపలికెళ్ళి, అడుగు మెరుపుకి తగిలి వెనక్కి వస్తుంది. ఈ సంగతి మావాడికి పుస్తకాలు చెప్పలేదు, వాళ్ళ నాయనమ్మ చెప్పింది. బాగా ఎండిన తేజ కాయని ఎండకి ఎత్తిపట్టి, "చూడరా, తోలు వెనక గింజలు బంగారంలా కనపడుతున్నాయా? అలా కనపడితేనే కాయ ఎండినట్టు" అంది. వాడు వెంటనే లోపలికెళ్ళి, అప్పటికే వేసిన ఎరుపంతా గీకేసి, వెండిరంగు వేశాడు.

పూసి = కుంచెతో కాదు, డబ్బాతో చిమ్మి. డబ్బాని ముందు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచితే తుంపర సన్నగా పడుతుంది. ఈ పదం వాచ్యార్థంలో రెండు అక్షరాలే, ఆచరణలో సగం జీవితం. దగ్గర్నుంచి కొడితే కారుతుంది, దూరం నుంచి కొడితే రంగు గాల్లోనే ఆరి బత్తాయి తొక్కలా గరుకవుతుంది. తెల్లవారుజామున తేమలో కొడితే తెల్లగా పాలిపోతుంది. అలా పాలిన మచ్చని చూసి నాయనమ్మ "తాలు పడింది, తీసెయ్" అంది. రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయని తాలుకాయ అంటారు. మిర్చి యార్డులో దాని ధర వేరు, కుప్ప వేరు. ఒక పరిశ్రమకి పనికొచ్చే కన్ను ఇంకో పరిశ్రమకీ పనికొస్తుందని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇవి కాక రెండు దేశీయ దోషాలున్నాయి. పత్తి లారీ వీధిలో పోతే తేలివచ్చే దూది పోగు తడి రంగుమీద వాలుతుంది. మిరపకాయల ఘాటుకి సరిగ్గా డబ్బా నొక్కే వేళకి తుమ్ము వస్తుంది. కాలిఫోర్నియా గ్రంథాల్లో ఈ రెండింటికీ పరిహారం లేదు.

ఎండ నుంచి = ఎండన్ + ఉంచి, ఎండలో పెట్టి. ఎండలోంచి అని కొందరి పాఠం. ఆ పాఠంలోనూ నిజముంది. ఫాల్గుణం దాటితే ఎండలోంచి తియ్యాల్సిందే. రోళ్ళు పగిలే రోహిణిలో డాబామీద పెడితే సన్నటి ప్లాస్టిక్కు ముక్కలు అప్పడాల్లా వంకరపోతాయి. కవి ఒక్క మాటలో పెట్టమనీ తియ్యమనీ చెప్పాడు. ఉద్దేశించి చెప్పాడని నేననుకోను.

చిట్టి = ఇరవయ్యైదో వంతు. ఇరుసుల మధ్య అసలు బండిలో 106 అంగుళాలు, ఇక్కడ నాలుగుంపావు. ఇరవయ్యే ఎందుకు కాకూడదు, ముప్ఫయ్యే ఎందుకు కాకూడదు అంటే, ఏఎంటీ అనే కంపెనీ కార్ల దుకాణాల్లో చూపించడానికి ఆ కొలతలో బొమ్మలు పోసేది. ఆ అచ్చుల్లోంచే 1958లో 'త్రీ ఇన్ వన్' పెట్టెలు పుట్టాయి. ఒకే పెట్టెలో ముక్కలు, కంపెనీ రూపంలోనైనా కట్టుకోవచ్చు, సింగారించుకోనైనా వచ్చు, పందెం బండిగానైనా. గుంటూరు, ప్రకాశం, బాపట్ల అని అవతారికలో చెప్పింది ఇందుకే.

ఇక్కడ ఒక ఆక్షేపణ. అంత సరదా ఉంటే ఇంట్లో పెద్ద కారే ఉందిగా, దాన్నే కోయవచ్చుగా అని వాడి నాన్న. ఆయన వెటకారంగా అన్నా సమాధానం శాస్త్రయుక్తంగానే చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను కాగితంలో ఉన్న తయారీదారు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఎవరి కోరికకి తగ్గట్టు వాళ్ళు స్తంభాలు కోసుకుంటే రోడ్డుమీద మిగతావాళ్ళ గతేమిటి? చట్టం న్యాయమే. కానీ అరచేతిలో పట్టే బండికి ఆర్టీవో లేడు. హైదరాబాదు బహదూర్‌పురాలో కె. సుధాకర్ పెద్దవే కట్టి, 2010లో ఏకంగా ప్రదర్శనశాల తెరిచాడు. బర్గరు ఆకారంలో ఒకటి, క్రికెట్ బంతిలా ఒకటి. 2005 జూలై 1న ఆయన తొక్కి చూపించిన మూడు చక్రాల సైకిలు 12.67 మీటర్ల ఎత్తు, గిన్నిసు పుస్తకంలోకి ఎక్కింది. ఆయనది ఇరవయ్యైదో వంతు కాదు, ఎదురు లెక్క.

'ఇది మన సంప్రదాయం కాదు' అనేవాళ్ళకి వేరే సమాధానం అక్కర్లేదు. జొన్నదంటు పెచ్చు తీసి, ఆ పెచ్చునే సూదులుగా చీల్చి, బెండు ముక్కలకి గుచ్చి ఎడ్లబండి కట్టని చెయ్యి ఈ రేగడి ఊళ్ళలో నా తరంలో ఉండేది కాదు. ముంజకాయల బండికి వెనక చక్రం పెద్దదీ ముందు చక్రం చిన్నదీ వేసి, ఎందుకురా అలా అంటే జవాబు చెప్పలేక నిలబడ్డవాణ్ణి నాకు బాగా తెలుసు. వాడి పేరు ఈ టీకలో రాయను.

కారు = మోటారు బండి. కారుమబ్బులో నలుపు ఇక్కడ పొసగదు, రంగు ఎరుపు గనుక. కాని క్రియార్థం, అంటే స్రవించడం, పూర్తిగా పొసగుతుంది. 'పూసి' దగ్గర చెప్పిన మొదటి దోషం చూడండి.

మీద చేయి వేసినవాడు, మిరపకాయ తినును, మేడపైన = స్పష్టం.

ఛందస్సు.

ఆటవెలది. క-కా, యె-యె, చి-చే, మి-మే యతులు కుదిరాయి. హాట్ రాడ్ అన్న మాట పద్యంలో ఎక్కడా లేదు. సూర్యగణాల్లో ఇమడక వదిలేశానని కవి ఒప్పుకున్నాడు. నేను మాత్రం దాన్ని ధ్వని అని రాసుకున్నాను.

వ్యాకరణం.

ఇక్కడే చిక్కు వచ్చింది. కోసి, దించి, వంచి, పూసి, ఉంచి: ఐదూ క్త్వార్థకాలు. చిన్నయసూరిని చదువుకున్న ఎవరైనా చెబుతారు, క్త్వార్థకానికీ దాని తర్వాత వచ్చే సమాపక క్రియకీ కర్త ఒకడే కావాలని. ఈ పద్యంలో సమాపక క్రియ ఒక్కటే: తినును. దాని కర్త 'చేయి వేసినవాడు'. అంటే కప్పు కోసినవాడు, దించినవాడు, వంచినవాడు, పూసినవాడు, ఎండలో పెట్టినవాడు, చేయి వేసినవాడు, మిరపకాయ తినేవాడు, అందరూ ఒక్కడే. ఇంట్లోవాళ్ళని బెదిరించడానికి రాసిన పద్యం వ్యాకరణరీత్యా కవినే పట్టిస్తోంది.

నేను ఈ మాట చెప్పడానికి మేడ ఎక్కేసరికి కవి పెట్టె ఎత్తి పట్టుకుని, కప్పువైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఎరుపు అద్భుతంగా వచ్చింది, తోలు వెనక గింజలు మెరిసినట్టే. కప్పు నడినెత్తిన ఒక బొటనవేలి ముద్ర, గీతలతో సహా.

"ఆరిందేమోనని చూశా మామయ్యా."

పాఠాంతరం ఒకటి సూచించాను. 'ఎండ నుంచి'లో చకారానికి గుడి తీసేస్తే 'ఎండ నుంచ' అవుతుంది. ఒకడు ఉంచగా ఇంకొకడు చేయి వేసినట్టు కర్తలు విడిపోతారు, గణం చెడదు, కవి గట్టెక్కుతాడు. పెన్ను కూడా ఇచ్చాను. వాడు పద్యాన్ని ఒకసారి చూశాడు, ముద్రని ఒకసారి చూశాడు, పెన్ను మూతపెట్టి నా జేబులో పెట్టాడు.

నాయనమ్మ కుప్పలోంచి కాయ ఏరింది. తాలు కాకుండా చూసి మరీ ఏరింది.