కుక్కుటగంధార్జీ: టీకా తాత్పర్య సహితము

మూలము

"అయ్యా! మా ఊరి ప్రక్కనున్న కోళ్ల ఫారము నుండి రాత్రులు కంపు భరింపరాకున్నది. ఈగలు ముసిరి అన్నము తిననీయకున్నవి. తమరు వచ్చి చూచి తగు చర్య తీసుకొన గోరుచున్నాము."

అవతారిక

కర్త యెవరో తెలియని యీ గద్యము గోదావరి సీమలో అనపర్తి, తణుకు ప్రాంతములందును, తెలంగాణమున షాద్‌నగరు పరిసరములందును, కోళ్లను వేలకొలది పెంచు ప్రతిచోటను, స్వల్ప పాఠభేదములతో, సోమవారమునాటి ఫిర్యాదుల దినమున కచేరీలలో వినబడునట్టిది. క్రింద సంతకములతోపాటు వేలిముద్రలును ఉండుటచే దీనిని బహుకర్తృకముగా నెంచవలెను. రసము బీభత్సము, స్థాయి జుగుప్స, ఆలంబనము పంజరముల క్రింది పెంటప్రోగు, ఉద్దీపనము ఊరివైపు మళ్లిన గాలి, అనుభావములు పైటచెంగు ముక్కున కడ్డముంచుకొనుట, కిటికీరెక్కలు బిగించుట, సంచారిభావములు మొదటి అర్జీనాడు అమర్షము, నాల్గవ అర్జీనాడు నిర్వేదము.

ప్రతిపదార్థము

ప్రక్కనున్న = సమీపమునందలి. ఎంత సమీపమనగా, క్రొత్తగా కట్టు ఫారము నివాసములకు 500 మీటర్ల దూరమున నుండవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నాటి మార్గదర్శకములలో చెప్పియున్నది. అయితే ఎచ్చటినుండి ఎచ్చటికను ప్రశ్న యందే వివాదము మొలకెత్తుచున్నది. యజమాని తన షెడ్డుగోడ మొదలుకొని ఊరి రామాలయము దనుక బండిబాట వెంబడి కొలుచును. అర్జీదారులు ఆయన ముళ్లకంచె మొదలుకొని ఊరి చివరి పాక దనుక చేల కడ్డముగా కొలుతురు. గాలి మాత్రము ఈ రెండు కొలతలను మన్నింపక తన దారిన తాను పోవును.

రాత్రులు = ప్రొద్దు క్రుంకిన పిమ్మట. తొందరపాటు చదువరులు దాటిపోవు ఈ పదమే గద్యమునకు ప్రాణము. పగటియెండకు నేల కాగి, దాని నంటిన గాలి వేడెక్కి పైకి లేచుటచే వాసన చెదరి పలుచబడును. రాత్రి నేల చల్లారగనే క్రిందిగాలి కదలక నిలిచిపోవుటచే అదే వాసన నేలబారున వ్యాపించి, అన్నము వడ్డించు వేళకు సరిగా ఇంటింట ప్రవేశించును.

కంపు = దుర్గంధము. కోడి మూత్రమును వేరుగా విసర్జింపదు. పెంటలో కలిసియుండు యూరికామ్లము తడి తగిలినంతనే సూక్ష్మజీవులచే అమ్మోనియాగా మారి, ముక్కునకే గాక కన్నులకును మంట పుట్టించును. గ్రుడ్లకోడి యొకటి దినమునకు సుమారు నూరు గ్రాముల పచ్చిపెంట వేయును గనుక, పదివేల కోళ్లున్న షెడ్డులో దినమునకు ఒక టన్ను చేరుచున్నది; అందు ముప్పాతిక వంతు నీరే. దీనికి తోడు నీళ్లగొట్టమున నిపిల్ కారినను, వానజల్లు ప్రక్కలనుండి కొట్టినను, మాంసపుకోళ్ల క్రింద పరచిన ఊక ముద్దకట్టినను, కంపు రెట్టింపగును. కావున దోషము కోడిది గాదు, తడిది.

ఈగలు = మక్షికములు. ఇవియు ఆ తడి సంతానమే. ఎండవేడిమిలో ఈగగ్రుడ్డు రెక్కలు తొడుగుటకు వారము పది దినములు చాలును గనుక, పక్షమున కొకమారు తిరుగవేయబడు పెంటప్రోగు పక్షమునకు ఒక తరమును లోకమునకు ప్రసాదించుచుండును.

వచ్చి చూచి = విచ్చేసి, కన్నులార కని. ఇది గద్యమునందలి ఏకైక దోషము. గంధము ఘ్రాణమునకే విషయమని తర్కసంగ్రహమున అన్నంభట్టు స్పష్టముగా చెప్పియుండగా, అర్జీదారులు "చూడు"మని కోరిరి, అధికారి అట్లే చూచెను. ఆయన జీపు దిగునది పగలు పన్నెండు గంటలకు; ముందుగానే కబురందిన యజమాని సున్నము చల్లించి, ప్రోగుపై పొడి ఊక కప్పించి, కొబ్బరిబోండము చేతబట్టి ద్వారమున నిలుచును. "తనిఖీ సమయమున చెప్పుకోదగిన దుర్వాసన లేదు" అను నివేదిక పుట్టును. అది అసత్యము గాదు, మధ్యాహ్నపు సత్యము.

తగు చర్య = యుక్తమైన శాసనము. ప్రజాబాధను తొలగించు ఉత్తరువు నిచ్చుటకు 1973 నాటి నేరవిచారణ స్మృతిలోని 133వ సెక్షను ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటున కధికార మిచ్చినది. 2024 జులై నుండి ఆ స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 152వ సెక్షను నిలిచినది. ఆరోగ్యమునకే గాక శరీరసౌఖ్యమునకు భంగము గలిగించు వృత్తియు దాని పరిధిలోనిదే. కావున జబ్బుపడి ఆసుపత్రి చీటీ తెచ్చిననే గాని అర్జీ చెల్లదనుట శాస్త్రవిరుద్ధము.

పూర్వపక్షము

యజమాని మూడు ఆక్షేపణలు చేయును. "నాకేమియు కంపు తెలియదు, షెడ్డులోనే కూర్చుండి టిఫిను తినుచున్నాను" అనునది మొదటిది. ఇది అబద్ధము గాదు; ఎడతెగక ఒకే వాసన పీల్చు ముక్కు దానిని గుర్తించుట మానివేయును. సాక్ష్యము నిజమే గాని సాక్షి అనర్హుడు. "నా షెడ్డు ముందు, మీ యిండ్లు తరువాత" అనునది రెండవది. ప్రజాబాధకు ఎంతకాలము గడచినను హక్కు సిద్ధింపదను న్యాయముచే ఇది వీగిపోవును. "ఈ పెంటను కొనునది మీరు గాదా?" అనునది మూడవది, బలీయమైనది. వేసవిలో దుక్కికి ముందు, అర్జీపై సంతకము పెట్టిన చేతులతోనే బేరమాడి, ట్రాక్టరు తొట్టెలతో కోళ్లపెంటను చేలకు తోలించుకొనువారున్నారు. చేపలచెరువుల వారును కొందురు. ఆ దినములలో కంపు ఎరువను పేర గౌరవింపబడును.

సిద్ధాంతము

మూడవ ఆక్షేపణయే సంధికి ద్వారము. పెంట ఉభయులకు సొత్తయినపుడు దానిని పొడిగా నుంచుట యజమానికి నష్టము గాదు; పొడిపెంటకే వెల హెచ్చు. కారు నిపిల్‌ను ఆ పూటనే బాగుచేయించుట, షెడ్డు చూరు పొడిగించుట, చచ్చిన కోళ్లను కాలువగట్టున పారవేయక గోతిలో సున్నముతో పూడ్చుట, గాలి ఊరివైపు వీచని పూట చూచి పెంట నెత్తించుట, ఇవి యతని ధర్మములు. కంపు వచ్చిన రాత్రులను తిథివారములతో నోటుపుస్తకమున వ్రాసియుంచుట అర్జీదారుల ధర్మము. ఏలయన, గంధము తెల్లవారుసరికి మాయమగు సాక్ష్యము, వ్రాత నిలుచునట్టిది.

తాత్పర్యము

అర్జీదారులు ఫారము మూయింపుమని ఎచ్చటను కోరలేదు; వారిలో కొందరి కూలియు, కొందరి కౌలును, అందరి గ్రుడ్డుకూరయు అందే యున్నవి. వారు కోరినది రాత్రిపూట ఒక ముద్ద అన్నము సుఖముగా తినుట మాత్రమే. ఆ స్వల్పఫలము సిద్ధింపకుండుటకు కారణము యజమాని క్రౌర్యము గాని, అధికారి కపటము గాని కాదు. విచారణ పగలు, బాధ రాత్రి యగుటయే. కావున ఇకమీదట అర్జీలు వ్రాయువారు "వచ్చి చూచి" అను దుష్టపాఠమును విడిచి, "రాత్రి తొమ్మిది గంటలకు వచ్చి, మాతో భోజనము చేసి" అను సాధుపాఠమును గ్రహింతురు గాక.