యాక్సిడెంట్ దగ్గర మంచివాళ్లుగా మిగలడం ఎలా?

విజయవాడ హైవే. పంతంగి టోల్‌గేటు దాటి కొంచెం ముందుకెళ్లాక రోడ్డు మీద బైకు పడి ఉంది, పక్కన మనిషి. మీకేమో పెళ్లికి టైమైపోతోంది, పైగా మీరు మంచివాళ్లు. రెండూ చెడకుండా బయటపడాలంటే కాస్త నేర్పు కావాలి.

స్పీడు తగ్గించండి. ఆపమనలేదు, తగ్గించమన్నాను. అద్దం దించి "అయ్యయ్యో" అనండి. వెనక పిల్లలుంటే "అటు చూడకండ్రా" అని కూడా అనాలి, పెంపకం అన్నాక అవన్నీ ఉంటాయి. ఆగక తప్పలేదా, గుంపులో మూడో వరసలో నిలబడండి. ముందు వరసలో ఉంటే ఎవడో ఒకడు "అన్నా, కాళ్ల వైపు పట్టు" అంటాడు. ఫోను తీసి వీడియో మొదలుపెడితే ఇంకా మేలు. చేయి ఖాళీ లేదని అందరికీ తెలుస్తుంది. "108కి ఎవరైనా చేశారా?" అని అడగండి, జవాబు కోసం మాత్రం చూడొద్దు. 2005 నుంచీ ఉన్న నంబరు, ఎవరో చేసే ఉంటారు. వెళ్లేముందు "హెల్మెట్ పెట్టుకోలేదు చూడండి" అనడం మరవొద్దు. తప్పు పడ్డవాడిదేనని తేలితే చూసేవాళ్లకి ఎంత తేలికగా ఉంటుందో!

అసలు చిక్కల్లా చట్టంతోనే. "మనకెందుకండీ, పోలీసులు, కోర్టులు, సాక్ష్యాలు" అని తాతల నాటి నుంచి చక్కగా చెప్పుకుంటూ వచ్చాం. ఆ ఒక్క మాటనీ లాగేసుకున్నారు. సాయం చేసినవాళ్లను వేధించొద్దన్న కేంద్రం మార్గదర్శకాలను పాటించి తీరాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. పేరు, అడ్రసు చెప్పమని బలవంతం చేయకూడదట. ఇష్టం లేనివాణ్ణి సాక్ష్యానికి లాగకూడదట. ఇవన్నీ ఆసుపత్రి గుమ్మం దగ్గర స్థానిక భాషలో రాసి పెట్టాలట కూడా! ఇవి చాలవన్నట్టు 2021లో, గంటలోపు ఆసుపత్రికి చేర్చి ప్రాణం కాపాడినవాళ్లకి అయిదు వేల బహుమతి అన్నారు. ఇప్పుడది పాతిక వేలు.

కాబట్టి ఆ బోర్డు కనబడినా చదవొద్దు. ఎవరైనా చట్టం గురించి ఎత్తితే, "రూలు ఢిల్లీలో ఉంటుందండీ, ఇక్కడి కానిస్టేబుల్‌కి తెలియొద్దూ?" అనండి. ఇందులో సగం నిజమే గనక ఎదుటివాడు నోరెత్తలేడు.

దెబ్బ తగిలాక మొదటి గంటని చట్టం గోల్డెన్ అవర్ అంటుంది. మీరు ఆ గంటలో దాదాపు కొర్లపహాడ్ టోల్ దాకా వెళ్లిపోవచ్చు.

ఒక్క మినహాయింపు. బోల్తా పడింది బీరు లారీ అయితే పై సూచనలేవీ పనిచేయవు. అప్పుడు మూడో వరసలో ఉంటే ఏం మిగలదు. ఫోను జేబులో పెట్టండి, డిక్కీ తెరవండి, సీట్లు మడవండి. పోలీసులొస్తారేమోనన్న భయం ఆ పూట ఎవరికీ ఉండదు, మీకూ అక్కర్లేదు. డ్రైవరు అక్కడే పడి ఉంటే, పెట్టెలు మోసేటప్పుడు అతని చేయి తొక్కకుండా కాస్త చూసి నడవండి.