పరివట్ట పంక్తికి టీకా తాత్పర్యం

మూలం: “గౌరవనీయులైన ముఖ్య అతిథి మహోదయులకు ఆలయ మర్యాదలతో పరివట్టం కట్టి ఘనంగా సత్కరించబడును.”

అవతారిక: ఇది మా పక్క ఊరి బ్రహ్మోత్సవాల కరపత్రంలో స్వామివారి పేరుకంటె లావుపాటి అక్షరాల్లో అచ్చయిన వాక్యం. కర్త అజ్ఞాతుడు. అచ్చుఖర్చు భరించినవాడే అయి ఉంటాడని సంప్రదాయజ్ఞులు. అక్కర్లేనిది ఒక్కటీ రాయనని ప్రతిన పట్టినవాడు మల్లినాథసూరి. మాకా ప్రతిన లేదు.

ప్రతిపదార్థం: గౌరవనీయులైన, మహోదయులకు: స్పష్టం. ఘనంగా: పూలదండల బిల్లు చూసినవారికి ఇదీ స్పష్టమే. పరివట్టం: ఇక్కడ కాస్త కూర్చోవాలి.

స్వామికి కట్టిన వస్త్రాన్ని మడిచి, నుదుటి మీదుగా తలకు చుట్టి వెనక ముడివేస్తే అది పరివట్టం. వైష్ణవాలయాల్లో తీర్థం, శఠారి సరసన దీనికీ చోటుంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు తెచ్చే ముఖ్యమంత్రికి బేడి ఆంజనేయస్వామి గుడి దగ్గర అర్చకులు దీన్ని కడతారు. కట్టగానే పళ్లెం తలకెత్తుకొని గుడిలోకి నడవాలి. బట్ట తలమీదికి వచ్చిందంటే వెనకే బరువూ వస్తుందన్నమాట. ఇది ఊడిగం చేసేవాడి గుర్తు.

ఇంత చిన్న గుడ్డముక్క ఎంత దూరం పోయిందో చెప్పకపోతే వ్యాఖ్యాతకు నిద్రపట్టదు. మద్రాసు తిరువల్లిక్కేణి పార్థసారథిస్వామి గుడి తగాదాల మీద అర్జున్ అప్పాదురై 1981లో ఏకంగా పుస్తకమే వేశాడు. మర్యాదల కోసం జీయర్లే కోర్టుకెక్కారు. ఆళ్వార్ తిరునగరి గుడి వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1961లో తీర్పు వచ్చింది: ఉత్త మర్యాద కోసం సివిల్ దావా చెల్లదు. గుడిలో ఒక పదవి ఉండి, ఆ మర్యాద దానికి దక్కే ప్రతిఫలంలో భాగమైతేనే చెల్లుతుంది. పని లేని మర్యాదకు న్యాయస్థానం గడప కూడా లేదని మా అన్వయం. ఈ లెక్కన ఆ తీర్పుకు ఆధారమైన 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 9వ సెక్షన్, ఆగమశాస్త్రంలో చేర్చదగినదే.

మూలం ఎక్కడ వదిలాం? ఆ, ముఖ్య అతిథి.

ఛందస్సు: గణాలు కుదరవు. గణం మాత్రం కార్లలో దిగింది. యతిస్థానంలో ఫోటోగ్రాఫరు నిలబడ్డాడు. అతడు చెయ్యి ఊపేదాకా మంత్రం కూడా ఆగింది.

ప్రయోగం: “కొంచెం వంగండి సార్” అన్నాడు ముసలి అర్చకుడు. “సార్‌కి నడుం నొప్పి స్వామీ, మీరే కాస్త లేవండి” అన్నాడు పక్కనున్నవాడు. ఆయన మునివేళ్ల మీద లేచి కట్టాడు. ఫోటో సరిగా పడలేదని విప్పి మళ్లీ కట్టించారు. ఈసారి బట్ట కళ్లజోడు మీదికి దిగింది. చివరికి తీసి పళ్లెంలో పెడితే, పసుపు పట్టు అంచున నల్లటి మరక. జుట్టుకేసిన రంగు.

వ్యాకరణం: కట్టినవాడు అర్చకుడు. ‘సత్కరించబడును’ అనే క్రియకు దిక్కెవరో వాక్యంలో లేదు. ఇటువంటి చోట కర్తను అధ్యాహారం చేసుకోవాలంటారు పెద్దలు. చేసుకున్నాం: క్యూలో నిలబడ్డ జనం. అంతసేపూ వరస ఒక్క అడుగు కదలలేదు. చంకలో బిడ్డ ఏడుస్తున్నా ఒక తల్లి పక్కకు తప్పుకోలేదు, తప్పుకుంటే వరస పోతుంది. వాకిట్లో పల్లకీ బోయీలు భుజాన కొమ్ము దించకుండా నిలబడే ఉన్నారు. వాళ్ల తలలకు చెమటతో తడిసిన తువ్వాళ్లు. స్వామిని మోస్తున్నది వాళ్లు, పరివట్టం ఇంకొకరికి! దీనికి అలంకారశాస్త్రంలో అసంగతి అని పేరుంది. మామూలు తెలుగులో అన్యాయం అంటారు.

తాత్పర్యం: మోసేవాళ్లకు పరివట్టం కట్టండి. ముఖ్య అతిథికి శాలువా చాలు, దానికి తల వంచే శ్రమ కూడా లేదు. ధర్మకర్తలకు మనవి: వచ్చే ఏడు కరపత్రంలో ఈ వాక్యం తీసేసి, ఆ జాగాలో దర్శనం వేళలు వేయించండి. ఈసారి అవి ఎక్కడా లేవు.