మూడు రబ్బరు ముక్కలు

2018 జూన్‌లో, వేట నిషేధం ముగిసిన వారానికే, మా బోటు ఇంజన్ నడిసముద్రంలో బిగుసుకుపోయింది. డీజిల్‌లో నీళ్ళు కలిశాయని ఒడ్డున అందరికీ చెప్పాను. అడిగినవాళ్ళకీ చెప్పాను, అడగనివాళ్ళకీ చెప్పాను. అది అబద్ధం. డీజిల్ శుభ్రంగానే ఉంది. ఇంజన్‌ని పాడుచేసింది నేను.

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడుపుతాను. బోటు నాదీ మా బావదీ. ఆరు సిలిండర్ల ఇంజన్. పని నేర్పింది మా మావయ్య. ఆయన బడికి వెళ్ళలేదు గానీ చప్పుడు విని ఏ సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదో చెప్పేవాడు. మొదటిరోజు ఆయన నాకు నేర్పింది ఒకటే. "స్టార్ట్ సేసేక మీటర్లకాడ నిలబడిపోకు. పైకెల్లి, అంచు పట్టుకుని వంగి నీల్లు సూడు. దార నీ మణికట్టంత లావున పడాల. అది పడితేనే తాడు ఇప్పు."

బోటు పక్కనుంచి కారే ఆ నీళ్ళ మీదే ఇంజన్ ప్రాణం ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని పదహారో, పదిహేడో వంతుకి నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. అంత మంట లోపల రాత్రింబవళ్ళు మండుతుంటే ఇనుము తట్టుకోవాలి కదా. అందుకు రెండు రకాల నీళ్ళు తిరుగుతాయి. ఇంజన్ లోపల మంచినీళ్ళు. వేడెక్కిన సముద్రపు నీళ్ళు ఉప్పు పేరుస్తాయి, ఇనుమును తినేస్తాయి, కాబట్టి వాటిని లోపలికి రానివ్వరు. అవి కూలర్ దాకా వచ్చి, సన్నటి గొట్టాల లోంచి పారుతూ మంచినీళ్ళ వేడిని తీసుకుని బయటికి పోతాయి. ఈ రెండు నీళ్ళూ ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో గొట్టం గోడ మాత్రమే అడ్డు.

సముద్రపు నీటిని లోపలికి లాగేది చిన్న పంపు. దాని మూత తీస్తే లోపల ఇత్తడి బొడ్డు చుట్టూ నల్లటి రబ్బరు రెక్కలు కనిపిస్తాయి. ఇంపెల్లర్ అంటాం. మాదానికి పది రెక్కలు. పంపు గోడ ఒకవైపు కాస్త ముందుకు వచ్చి ఉంటుంది. రెక్క అక్కడికి వచ్చేసరికి వంగుతుంది, దాటగానే చాచుకుంటుంది. అలా చాచుకున్నప్పుడల్లా నీటిని లాగుతుంది. ఆ రబ్బరుకి వేరే నూనె లేదు, గ్రీజు లేదు. వచ్చే నీళ్ళే దానికి జారుడు. నీళ్ళు రాకుండా తిరిగితే ఒకటి రెండు నిమిషాల్లో కాలి, చిరిగిపోతుంది.

ఆ సంవత్సరం మార్చిలో అదే జరిగింది. బోటు అడుగున నీళ్ళు వచ్చే దారికి ప్లాస్టిక్ సంచి అడ్డం పడింది. ఇంజన్ వేడెక్కింది, ఆపాం. సంచి తీసేసి, పంపు విప్పి, దగ్గరున్న కొత్త ఇంపెల్లర్ ఎక్కించాను. అంతా కలిపి అరగంట పట్టలేదు. కళాసీలు మెచ్చుకున్నారు, నాకూ గర్వంగానే అనిపించింది.

ఇంజన్ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడొకడు ఉండేవాడు మాతో, పంతొమ్మిదేళ్ళవాడు. పాత ఇంపెల్లర్‌ని చేతిలో తిప్పి చూసి అడిగాడు.

"మూడు రెక్కలు నేవు బాబాయ్. ఎటెల్లిపోనాయి?"

"సముద్దరంలోకి పోనాయిరా. ఇంకెటెల్తాయి?" అన్నాను.

అవి సముద్రంలోకి పోవాలంటే కూలర్ దాటి పోవాలి. కూలర్ గొట్టాల లోపలి సందు చిటికెన వేలు కూడా పట్టనంత సన్నం. తెగిన రెక్క బొటనవేలి గోరంత ఉంటుంది. అది అందులోంచి దూరి వెళ్ళదు. ఈ సంగతి నాకు తెలుసు. ఇంపెల్లర్ తెగితే ముక్కలు లెక్కకి వచ్చేదాకా వెతకమని మావయ్య చెప్పిన మాట కూడా గుర్తుంది. కూలర్ మూత విప్పితే నీళ్ళు కారతాయి, ప్యాకింగ్ మార్చాలి, ఇంకో గంట పోతుంది. అవతల చేప పడుతోంది. వల దించమన్నాను.

ఆ వారం నుంచే ఇంజన్ వేడి చూపించే మీటరు ముల్లు ఎప్పుడూ ఉండేచోట ఉండడం మానేసింది. 80 దగ్గర ఉండేది 88కి, 90కి వచ్చేది. అప్పుడు నేను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. థర్మోస్టాట్ పీకేశాను. హార్బర్‌లో చాలామంది తీసేస్తారు, అది అడ్డు లేకపోతే నీళ్ళు బాగా పారతాయని నమ్ముతారు. నేనూ నమ్మాను. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు నీళ్ళు కూలర్‌కి పోకుండా లోపల్లోపలే తిరగడానికి ఒక అడ్డదారి ఉంటుంది. వేడెక్కాక థర్మోస్టాట్ కూలర్ దారి తెరుస్తుంది, అదే కదలికతో అడ్డదారిని మూసేస్తుంది. దాన్ని పీకేస్తే రెండు దారులూ తెరుచుకునే ఉంటాయి. కొంత నీరు కూలర్ మొహం చూడకుండానే వేడిగా వెనక్కి వస్తుంది. మా ఇంజన్ సరిగ్గా ఆ రకందే. చల్లబరుస్తున్నాననుకుని వేడి పెంచాను.

తర్వాత అలారం బజ్జర్ తరచు మోగడం మొదలైంది. కళాసీలకి నిద్ర ఉండడం లేదని దాని వైరు ఊడదీశాను.

ఏప్రిల్ 15న వేట ఆగింది. జూన్ 14 దాకా 61 రోజులు బోటు కట్టేసి ఉంటుంది. మర పడవలకి ఏడాదిలో దొరికే అసలైన తీరిక అదే. అప్పుడు చేయాల్సిన పనులు నాకు వేళ్ళ మీద లెక్క. పాత ఆయిల్ అప్పుడే తీసేయాలి, మళ్ళీ బయల్దేరేటప్పుడు కాదు. వాడిన ఆయిల్‌లో యాసిడ్ చేరి ఉంటుంది, రెండు నెలలు బేరింగుల మీద అలాగే కూర్చుంటే వాటిని తింటుంది. ఉప్పునీటి దారిలో మంచినీళ్ళు పోసి కడగాలి. ఇంపెల్లర్ తీసి పక్కన పెట్టాలి, లేకపోతే వంగిన రెక్కలు వంగినట్టే ఉండిపోతాయి. కూలర్ విప్పి గొట్టాల్లో సన్నటి చువ్వ ఆడించాలి. జింకు చూడాలి.

జింకు గురించి కాస్త ఆగి చెప్పాలి. కూలర్ పక్కన ఒక ఇత్తడి మర ఉంటుంది, దానికి లోపలివైపు వేలంత జింకు కడ్డీ. ఉప్పునీళ్ళలో రెండు రకాల లోహాలు కలిసి ఉంటే బ్యాటరీలాగా కరెంటు పుడుతుంది, వాటిలో బలహీనమైనది కరిగిపోతుంది. అక్కడున్న లోహాలన్నిటికంటే జింకు బలహీనం. అది ఉన్నంతకాలం తాను కరిగి రాగి గొట్టాలని కాపాడుతుంది. సగం అరగ్గానే మార్చాలి. ఆ వేసవిలో నేను ఆ మర విప్పనే లేదు. తర్వాత వర్క్‌షాపులో మేస్త్రి విప్పితే కడ్డీ లేదు, ఉత్త ఇత్తడి మర బయటికి వచ్చింది.

ఎందుకు చేయలేదని నన్ను నేను ఎన్నోసార్లు ప్రశ్నించుకున్నాను. బద్ధకస్తుణ్ణి కాను. డీజిల్ ఫిల్టర్లు ఎప్పుడూ టైముకి మార్చేవాణ్ణి. సెపరేటర్ గిన్నె అడుగున చేరిన నీళ్ళు రోజూ వదిలేవాణ్ణి. డిప్‌స్టిక్ చూడకుండా స్టార్ట్ చేసేవాణ్ణి కాదు. వేటకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఆయిల్ మార్చేవాణ్ణి, పన్నెండు రోజులు వల లాగితే గంటలు 200 దాటిపోతాయి కాబట్టి. ఆలోచించగా తేలింది ఇది: ఫిల్టర్ మూసుకుపోతే ఇంజన్ అక్కడికక్కడే ఆగిపోతుంది, అందుకని మార్చేవాణ్ణి. జింకు అయిపోతే ఏమీ ఆగదు. కూలర్ సగం పూడిపోయినా ఏమీ ఆగదు. ఆపి నన్ను బెదిరించే పనులే చేశాను. నోరులేని పనులు వదిలేశాను. చేతిలో ఉన్న డబ్బుతో బోటుకి కొత్త రంగులు వేయించాను, ముందు పేరు మళ్ళీ రాయించాను, గంగమ్మ తల్లికి పూజ చేయించాను. బావ ఇంజన్ సంగతి అడిగితే, "అంతా చూశాను బావా" అన్నాను.

జూన్ 15 వేకువన బయల్దేరాం, ఎనిమిది మందిమి. యారాడ కొండ వెనక్కి పోతుండగా కుర్రాడు అంచు దగ్గర వంగి చూసి వచ్చాడు.

"దార సన్నగా పడతన్నాది బాబాయ్. ఒకపాలి సూడు."

నేను వెళ్ళి చూడలేదు. పంపు కొత్తదేనన్నాను. రెండో రోజు నుంచి ఇంజన్‌లో మంచినీళ్ళు తగ్గుతున్నాయి. తాగే నీళ్ళ డ్రమ్ములోంచి బకెట్‌తో తెచ్చి పోయించాను. మొదట రెండు లీటర్లు, మర్నాడు నాలుగు, ఆ మర్నాడు అంతకంటే ఎక్కువ. నీళ్ళు ఎటు పోతున్నాయని అడిగింది కూడా ఆ కుర్రాడే.

నాలుగో రాత్రి కళింగపట్నానికి ఎదురుగా, నలభై బారల లోతులో ఉన్నాం. వల బరువుగా వస్తోంది. ముల్లు 95 దాటింది. స్పీడు తగ్గించాను. వంద దాటింది. ఆపాలని చెయ్యి లీవర్ మీదకి వెళ్ళింది కూడా. సరిగ్గా అప్పుడు ముల్లు గభాలున కిందికి జారి 60 దగ్గర నిలబడింది.

తల్లి కాపాడిందనుకున్నాను. రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. మళ్ళీ వల దించమని కేక వేశాను.

వేడి కొలిచే మొన నీళ్ళలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. ఒక రబ్బరు గొట్టం పగిలి, ఉన్న నీళ్ళన్నీ బోటు అడుగున బిల్జిలోకి పోయాయి. మొన ఖాళీలో మిగిలిపోయి తన చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తోంది. ఇంజన్ అప్పటికి మండుతోంది. పది నిమిషాలు కూడా కాలేదు, చప్పుడు మారింది. బరువెత్తలేని మనిషిలా మూలిగి ఆగిపోయింది. కిందికి దిగితే కాలిన పెయింటు వాసన, కళ్ళు తెరవనివ్వని ఆవిరి. ఫ్లైవీల్‌ని కడ్డీ పెట్టి తిప్పబోతే కదల్లేదు.

వైర్‌లెస్ సెట్టులో పిలిస్తే తెల్లారేసరికి మన హార్బర్ బోటే ఒకటి వచ్చింది. తన వేట మానుకుని, మోకు కట్టి, ఒక పగలూ ఒక రాత్రీ మమ్మల్ని లాక్కొచ్చింది. వాళ్ళకి నేను డీజిల్ డబ్బులు ఇవ్వగలిగాను గానీ పోయిన వేట ఇవ్వలేకపోయాను. మా చేప అమ్మితే ఐసుకీ బియ్యానికీ సరిపోయింది. వాటాలు లేవు. రెండు నెలలు పని లేకుండా కూర్చుని, పిల్లల్ని బడిలో వేయాల్సిన జూన్ నెలలో ఏడుగురు ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళారు. అందులో ఒకాయన తాకట్టు పెట్టిన భార్య గాజులు విడిపించుకోలేకపోయాడు. ఆ సంగతి ఆయన నాతో అనలేదు, మా ఆవిడ చెప్పింది.

వర్క్‌షాపులో హెడ్డు దించారు. రెండు పిస్టన్లు లైనర్లకి అతుక్కుపోయాయి. హెడ్డు వంగింది. బిల్లు మూడు లక్షల ఎనభై వేలు. ఇంపెల్లర్, జింకు, ప్యాకింగులు అన్నీ కలిపి నాలుగైదు వేలలో అయిపోయేవి.

మేస్త్రి కూలర్ మూత విప్పుతున్నప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. గొట్టాల నోళ్ళ మీద నాచు, గుల్లల పెంకులు పట్టి ఉన్నాయి. వాటి మధ్య నల్లగా మెరుస్తున్నవాటిని ఆయన స్క్రూడ్రైవర్ కొనతో పైకి లేపి అరచేతిలో పెట్టుకున్నాడు. ఒకటి. రెండు. మూడు. వాటి చుట్టూ చెత్త అల్లుకుని సగానికి పైగా గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి. మావయ్య కూడా వచ్చాడు. ఆ మూడు ముక్కల్నీ చూసి, నా మొహం చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

అంతకు ముందే నేను ఇంకో పని చేసి ఉన్నాను. డీజిల్ మాట నమ్మని బావతో, "కుర్రాడు నీళ్ళు చూసుకోలేదు" అన్నాను. ఆ మాట హార్బర్ అంతా పాకింది. ఆ వర్షాకాలంలో వాణ్ణి ఏ బోటూ ఎక్కించుకోలేదు. ఆగస్టులో మనవాళ్ళు ఎందరో వెళ్ళినట్టే వాడూ గుజరాత్‌లోని వెరావల్‌కి వెళ్ళిపోయాడు. ధార సన్నగా పడుతోందని చెప్పినవాడు, ముక్కలేవని అడిగినవాడు వాడొక్కడే. ఇంజన్ కంటే పెద్ద నష్టం నేను వాడికి చేశాను.

ఏడాది తిరిగాక సంక్రాంతికి వాడు ఊరొచ్చాడని తెలిసి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న ముందే జరిగింది జరిగినట్టు చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు. "నాకు తెల్సు బాబాయ్. రెక్కలు నెక్కెట్టింది నేనే కదా" అన్నాడు. మా అమ్మాయి పెళ్ళికి పిలిస్తే వచ్చాడు గానీ మా బోటు మళ్ళీ ఎక్కలేదు. వాళ్ళింటికి వెళ్ళొచ్చిన మర్నాడే బావకీ, వాటా పోయిన కళాసీలకీ, మమ్మల్ని లాక్కొచ్చిన బోటువాళ్ళకీ నిజం చెప్పాను. హార్బర్‌లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

తోటి డ్రైవర్లకి ఒక్క మనవి. ఈసారి ఏప్రిల్ 15న తాడు కట్టగానే, రంగుల డబ్బా తెరిచే ముందు, ఉప్పునీటి పంపు మూత విప్పండి. మా పంపుకి ఆ మూతకి ఉన్నవి ఆరు స్క్రూలు. రెక్కలు లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా అది చేతికి దొరికేదాకా కూలర్ మూత బిగించకండి. పక్కన కుర్రాడెవడైనా ఉంటే లెక్క వాడితో పెట్టించండి.