కాంప్టన్ దొరకూ మా బండి బుష్షులకూ

ఆ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పే అర్హత ఖాజీపేటలో నాకు తప్ప అందరికీ ఉంది. టీ కొట్టు ముందు బండి ఆపితే చాలు. "అన్నా, టైర్లో రాయి ఇరుక్కునుండాది" అని ఒకడు. "రాయి గాదబ్బా, బేరింగు పోయింది" అని ఇంకొకడు. జన్మలో సైకిలు తప్ప తొక్కని కూరగాయలాయన వచ్చి బంపరు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచి, "ఇది లోపలిది" అని తేల్చేశాడు. పక్క బెంచీ మీద పెద్దాయన టీ గ్లాసు పట్టుకొని, కళ్లు మూసుకొని ఆలకించి, "దిష్టి నాయనా, నిమ్మకాయలు మార్చు" అన్నాడు. మార్చాను. కొత్త నిమ్మకాయలతో కూడా అదే కిర్రు.

గుంతలో దిగితే టక్కు, ఎక్కితే కిర్రు. మైదుకూరు దాకా టక్కు, అక్కణ్ణుంచి చాపాడు మీదుగా ప్రొద్దుటూరు దాకా కిర్రు. కిరాణా సరుకు దించి ఇంటికొచ్చి పడుకుంటే కలలో కూడా బియ్యం మూటలు కిర్రుమంటూనే దిగుతాయి.

డీజిల్ బండి ఉన్న రోజుల్లో ఈ బాధ లేదు. బుష్షులు అప్పుడూ అరిగేవి. కానీ ఇంజను మోత అన్ని పాపాలనూ కప్పిపెట్టేది. డోరు వదులైనా, డ్రైవరు గొణుగుతున్నా, వెనక నూనె డబ్బాలు కొట్టుకుంటున్నా ఏమీ వినపడేది కాదు. కరెంటు బండిలో ఆ సుఖం పోయింది. గుడ్ల ట్రేల్లో ఏ వరసలో గుడ్డు పగిలిందో సీట్లో కూచునే చెప్పొచ్చు. పైగా దీని లాగుడు వేరు. కాలు ఆనించగానే మోటారు ఉన్న బలమంతా చక్రాల మీద పెడుతుంది. కాలు తీస్తే అదే మోటారు జనరేటరై, బండిని వెనక్కి పట్టి, ఆ ఊపును కరెంటు చేసి బ్యాటరీకి పంపుకుంటుంది. బ్యాటరీ బరువు సరేసరి. ఈ ముందుకు ఈడ్చడం, వెనక్కి ఈడ్చడం, మీదనుంచి తొక్కడం అంతా భరించేది వేలెడంత రబ్బరు.

బయటొక ఇనప గొట్టం, లోపలొక ఇనప గొట్టం, నడుమ అతికించిన రబ్బరు: బుష్షంటే ఇంతే. ముందర ఆర్ముల్లో ఉంటుంది, వెనక కమాన్ కట్టల చివర కన్నుల్లో ఉంటుంది. అన్నదమ్ముల ఆస్తి పంచాయతీలో నడుమ కూచున్న పెద్దమనిషి వంటిది. ఇద్దరి దెబ్బలూ అదే తింటుంది. అది ఉన్నన్నాళ్లు దాని ఊసెత్తేవాడుండడు. పోయిన రోజు ఇనుమూ ఇనుమూ కొట్టుకుంటాయి, ఊరందరికీ వినిపిస్తుంది.

షోరూముకు తీసుకుపోతే ల్యాప్‌టాప్ తెచ్చి బండికి తగిలించినారు. "ఎర్రర్ ఏమీ లేదు సార్" అన్నాడు గ్లౌజులు తొడుక్కున్న పిల్లోడు.

"శబ్దం వస్తాండాది గదప్పా?"

"సిస్టంలో రావట్లేదు సార్."

రబ్బరుకు వైరుండదు, సెన్సరుండదు. బాధ చెప్పుకోడానికి దానికి ఉన్నదల్లా ఆ కిర్రే, అది వినడానికి చెవి కావాలి, ల్యాప్‌టాప్‌కు అది లేదు. చివరికి బండిని పైకి లేపి, కింద దూరి చూసి, బుష్షులు పోయినాయని ఒప్పుకున్నారు. మార్చమంటే బుష్షు విడిగా రాదంట! ఆర్ము మొత్తం కొనాలంట, అదీ ఆర్డరు పెట్టి ఎదురుచూడాలంట. ఇక్కడ నాకు నవ్వు రాలేదు. అరిగేది రబ్బరని చేసినవాడికి తెలుసు. ఇనుము పదేళ్లైనా అరగదనీ తెలుసు. రెండింటినీ కలిపి ఒకటే ధర పెట్టి, వంద రూపాయల అరుగుడుకు వేల రూపాయల ఇనుము అంటగట్టే లెక్క ఎవరు నేర్పారో గానీ, మా కొట్లో నేను ఉప్పు ప్యాకెట్టు అడిగినోనికి బియ్యం మూట కొంటేనే ఇస్తానంటే సాయంత్రానికి షట్టరు మూయిస్తారు.

సరే, అసలు ఈ బుష్షుల్ని తిన్నదెవరు? స్పీడ్ బ్రేకర్లు. మరి స్పీడ్ బ్రేకర్‌కు మూలపురుషుడెవరు? ఇక్కడ మీరు కాస్త ఓపిక పట్టాలి, ఈ ప్రశ్నతో నాకు నిద్ర లేని రాత్రులు గడిచాయి. పొరుగువాడి మీద కసితో మా జిల్లావాడే ఎవడో మొదలుపెట్టి ఉంటాడని నా అనుమానం. తప్పు. రోడ్డుకు అడ్డంగా గట్లు వేసినవాళ్లు ముందూ ఉన్నారు గానీ, లెక్కగట్టి దానికో ఆకారం ఇచ్చిన పేరు ఆర్థర్ కాంప్టన్ అనే అమెరికా దొరది. ఆయన కాంట్రాక్టరు కాదు. భౌతికశాస్త్రంలో నోబెల్ గ్రహీత.

1923లో ఆయన, ఎక్స్ కిరణం ఎలక్ట్రానును గుద్దుకుంటే దారి మళ్లి, కొంత శక్తి పోగొట్టుకుని పోతుందని నిరూపించాడు. 1926-27లో లాహోరు వచ్చి పంజాబు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. 1927లో నోబెల్. ఆ వార్త వినే కలకత్తాలో మన రామన్ గారు, ఎక్స్ కిరణాలకు జరిగేది మామూలు వెలుగుకు మాత్రం ఎందుకు జరగదని ఉత్సాహం రెట్టింపు చేసుకున్నారంటారు. 1928లో కనిపెట్టారు, 1930లో ఆయనకూ నోబెల్ వచ్చింది. 1942లో షికాగోలో అణు గొలుసు చర్యను మొదటిసారి నడిపించిన ప్రయోగశాలకు పెద్ద ఈ కాంప్టనే. ఇన్ని చేసిన మనిషి, 1953లో, అరవై దాటిన వయసులో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బ్రూకింగ్స్ హాలు ముందు కార్లు దూసుకుపోతుంటే చూడలేక, కాగితం తీసుకుని గట్టు గీశాడు. మెల్లగా పోయేవాడికి తెలియకూడదు, జోరుగా పోయేవాడికి నడుము పట్టెయ్యాలి.

చూడండి మరి. అణువు మాట విన్నది. ఎలక్ట్రాను మాట విన్నది. కార్లవాళ్లు వినలేదు. అప్పుడు గానీ ఆయనకు సిమెంటు అవసరం తెలిసిరాలేదు.

ఇంటర్మీడియట్‌లో నాకు కాంప్టన్ ఎఫెక్ట్ తలకెక్కలేదు. దువ్వూరు పల్లెల్లో సరుకు వేస్తున్నప్పుడు ఎక్కింది. వచ్చేది అడ్డాన్ని గుద్దుకుంటుంది, దారి మళ్లుతుంది, శక్తి పోతుంది. పోయిన శక్తి ఎలక్ట్రానుకు చేరుతుందని దొర అన్నాడు. నా బండిలో అది గుడ్లకు చేరుతుంది.

దొర గట్టుకు మన దేశంలోనూ కొలతలున్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే రాసి పెట్టింది: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధం, గంటకు 25 కిలోమీటర్ల మీద సుఖంగా దాటాలి. ఆ పుస్తకం మైదుకూరు దాటి ఇటు వచ్చినట్టు లేదు. మా పల్లెల్లో ఇల్లు కట్టగా మిగిలిన కాంక్రీటే కొలత. గుడి కాడ ఒకటి, మసీదు కాడ ఒకటి, బడి కాడ ఒకటి, సర్పంచ్ ఇంటి కాడ ఒకటి. ఓడిపోయిన సర్పంచ్ ఇంటి కాడ ఇంకో నాలుగు వేళ్లు ఎత్తు. మా పక్కనే పారే కె.సి. కెనాల్ తవ్వినప్పుడు సేద్యానికే కాదు, పడవలు నడపడానికీ తవ్వినారు. పడవకు బుష్షు లేదు, నీళ్లకు స్పీడ్ బ్రేకర్ లేదు. ఆ సరుకు రవాణా మనం నిలబెట్టుకోలేకపోయినాం.

కాంప్టన్‌ను వదిలేసి రేకుల షెడ్డులోని మెకానిక్ భాయ్ దగ్గరికి పోయినాను. ఆయన ల్యాప్‌టాప్ తేలేదు. బండి మూల పట్టుకుని రెండు ఊపులు ఊపి, "కుడి ముందర, ఎనక రెండు" అన్నాడు. పాత బుష్షును వెర్నియర్‌తో కొలిచి, ప్రొద్దుటూరు స్పేర్ పార్టుల అంగట్లో ఏదో డీజిల్ బండిదాన్ని సరిపెట్టి, లోపలి గొట్టం పొడవు లేతు మీద తగ్గించుకున్నాడు. బోల్టు తుప్పు పట్టి రానంటే, చేసేది లేక డీజిల్ పోసి నానబెట్టినారు, కరెంటు బండి కూడా చివరికి డీజిల్‌కే లొంగింది! గ్యాసు మంటతో కాల్చి పాత రబ్బరు తీసే అలవాటు ఆయనది. బ్యాటరీ దగ్గర మంట వద్దని, దాని ఆరెంజ్ వైర్లకు ఆమడ దూరంలో ఆర్ము ఊడదీసి బయటికి తెచ్చి ప్రెస్సు మీద పెట్టినాడు. కొత్తదానికి గ్రీజు ముట్టనీయలేదు, నూనె తగిలితే రబ్బరు ఉబ్బి చెడుతుందంట. సబ్బునీళ్లతోనే ఎక్కించినాడు.

నన్ను ఆశ్చర్యపరిచింది బోల్టు బిగింపు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా పానా వేయబోయిన పిల్లోణ్ణి కసిరినాడు. "దించు ముందు. బండి నేల మీద, బరువు మీద నిలబడినాకే ఆఖరి బిగింపు. గాల్లో బిగిస్తే రబ్బరు మెలి తిరిగినట్టే ఉండిపోతాది. ఊరికే నిలబెట్టినా చిరిగిపోతాది."

బోల్టులు బిగిస్తూనే, నన్ను చూడకుండా అన్నాడు: "ఇంజనాయిలు లేదు, ఫిల్టరు లేదు, క్లచ్ ప్లేటు లేదు, నాజిలు లేదు. మోటారే ఆపుతుండాది గాబట్టి బ్రేకులు గూడ బిరీన అరగవు. ఈ రబ్బరొక్కటే మాకు ఇడిసిపెట్టినారన్నా."

స్క్రూడ్రైవర్ కొసను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి, ఏ వాల్వు వదులో ఆయన చెప్పడం చిన్నప్పటినుంచీ చూసినవాణ్ణి. ఆయన కొడుకు కువైట్లో డ్రైవరు. ఈ పని వాడికి నేర్పలేదంట, నేర్పమని వాడూ అడగలేదంట. డీజిల్ ఖర్చు ఇంత మిగిలిందని నెలనెలా ఖాతా పుస్తకంలో రాసుకుంటాను. ఆ మిగులులో ఈ షెడ్డు కూలీ కూడా ఉంది. ఆ పూట ఆయన అడిగినదానికి బేరమాడలేదు. బేరమాడకపోవడం ఆయనకు నచ్చినట్టు కూడా లేదు.

బండి ఇప్పుడు చప్పుడు చేయదు. కొత్త తగాదా అదే. ఇదివరకు కిర్రు వినగానే వీధి మొదట్లోనే కోళ్లూ పిల్లలూ నులక మంచాలూ తప్పుకునేవి. ఇప్పుడు దగ్గరికొచ్చి హారన్ కొడితే ఉలిక్కిపడి, నన్నూ మా నాయన్నీ కలిపి తిడుతున్నారు. యూరప్‌లోనైతే 2019 నుంచి కొత్త రకం కరెంటు కార్లు మెల్లగా పోయేటప్పుడు కావాలని చప్పుడు చేయాలని చట్టం. మా వీధివాళ్లు అంత దూరం పోలేదు. నిన్న పొద్దుగూకే వేళకు రసీదు పుస్తకం పట్టుకొని ఇంటికే వచ్చినారు.

"నీ బండి వచ్చేది తెల్డంలేదన్నా. పిల్లోళ్లు తిరిగే జాగా. వీధి మొదట్లో స్పీడ్ బ్రేకర్ ఏస్తాండాం. నీ పేరే మొదట రాసినాం."

"ఎంత ఎత్తు?"

"చందా ఎంతొస్తే అంత."

వంద రాయమన్నాను.