గుంపును చూసి మోసపోయాను

నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతుల్ని చూసి, ఆ జాతికి ఢోకా లేదని తేల్చేసినవాణ్ణి నేను. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద కొమ్మకొమ్మకూ గూళ్లే. రెట్టలతో ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయాయి. ఒక పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి మెడ దాకా తల దూర్చి చేపలు తింటోంది. అంత రద్దీ చూశాక ఇంక అనుమానమెందుకు? మాకు దగ్గర్లో ఒక చెరువు పూడ్చి ప్లాట్లు వేస్తామంటే, పక్షులకు నేలపట్టు ఉందిగా అని వాదించాను కూడా. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జీవావరణ శాస్త్రంలో ఓనమాల్లాంటి పాఠమే నాకు తెలియదు. ఒక జాతి జీవులు గుంపులుగానో, ఎడం పాటిస్తూ సమంగానో, ఏ క్రమమూ లేకుండానో పరుచుకుని ఉంటాయి. ప్రకృతిలో ఎక్కువగా కనిపించేది గుంపే. తిండి, గూటికి చోటు అంతటా దొరకవు కాబట్టి దొరికినచోటే చేరతాయి. అందువల్ల గుంపు దగ్గర నిలబడి జాతి మొత్తాన్ని అంచనా వేయకూడదు. పక్షుల సంఖ్యను జిల్లా విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే సాంద్రత వేరు, అవి నిజంగా బతకగలిగే నీటిపట్టుల విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేది వేరు. నేను ఈ రెండూ చూడలేదు, నాలుగు చెట్లు చూశానంతే.

తర్వాత అక్కడి కాపలాదారు ఒకాయన చెప్పాడు: “ఇక్కడ కాపురమే సార్. తిండికి పులికాట్‌కో, చుట్టుపక్కల చెరువులకో పోవాల్సిందే.” నేలపట్టు అభయారణ్యం సుమారు 459 హెక్టార్లు. దాని మీద ఆధారపడిన పక్షుల బతుకు మాత్రం ఆ హద్దు దాటి ఎంతో దూరం పరుచుకుని ఉంది. పూడ్చినా ఫర్వాలేదని నేనన్న చెరువులాంటి వాటి నుంచే అవి పిల్లలకు చేపలు పట్టుకొచ్చేది.

రద్దీగా ఉన్న చోటు కూడా ఖాళీ అవుతుంది. కొల్లేరు దగ్గరి ఆరేడులో ఒకప్పుడు గూడబాతుల పెద్ద స్థావరం ఉండేది. 1970ల మధ్యకల్లా పక్షులు దాన్ని వదిలేశాయి. ఇప్పుడు కొల్లేరు అంచున ఆటపాకలో గూళ్ల కోసం ఇనుప స్టాండ్లు పాతాల్సి వచ్చింది.

మీ ఊరి చెరువు పూడ్చే మాట వచ్చినప్పుడు, అక్కడ పక్షి గూళ్లేమీ లేవు కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఏ పక్షులు అక్కడికొచ్చి మేస్తున్నాయో ముందు చూడండి.