మొహం అసలుదే!

ఇక మనకు ఫికరు లేదు. వీడియో సెల్ఫీ దిగితే చాలు, ఈ మొహం ఈ మనిషిదేనని డేటింగ్ యాప్ టిండర్ బ్యాడ్జీ తగిలిస్తుంది. ఫేస్ చెక్ అట! ఆడపిల్లల్ని కన్నవాళ్లు గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవచ్చు.

మా కుకునూరుపల్లిలో ఈ పనికి రాజీవ్ రహదారి పక్కన చాయ హోటల్ సరిపోయేది. సంబంధం చూడ వచ్చినోళ్లు బస్సు దిగి, ఊళ్లోకి పోకముందే చాయ చెప్పి, "ఫలానోళ్ల పిల్లగాడు ఎట్లుంటడే?" అని అడిగేవారు. హోటలాయన గ్లాసులు కడుగుతూనే పిల్లగాడి జీతం, వాళ్ల నాయిన అప్పు, కల్లు దుకాణంలో బాకీ, ఎండిపోయిన బోర్ల లెక్క అన్నీ అప్పజెప్పేవాడు. మొహం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. అది ఎట్లాగూ కనబడేదే కదా! చాయ హోటల్‌కు తెలిసిన ఈ పాటి సంగతి అమెరికా కంపెనీకి తెలియలేదు.

2020 నవంబరులో హైదరాబాద్ టాస్క్‌ఫోర్స్‌కు చిక్కిన 'ఆర్మీ మేజర్' గుర్తున్నాడా? పెళ్లి పేరు చెప్పి 17 కుటుంబాల దగ్గర ఆరున్నర కోట్లకు పైగా గుంజాడు. యూనిఫాం దొంగది, పిస్తోలు బొమ్మది, చదువు ఉత్తది. మొహం? నిఖార్సుగా ఆయనదే. ఫేస్ చెక్‌లో ఫస్టుక్లాసులో పాసయ్యేవాడు. 2024 జూన్‌లో బయటపడ్డ హైటెక్ సిటీ పబ్బు బాగోతమో? ఢిల్లీ నుంచి దిగిన అమ్మాయిలు యాప్‌లో పరిచయమై, ఎదురుగా వచ్చి కూర్చుని, వేలకు వేలు బిల్లు చేయించి జారుకున్నారు. ఎదురు కుర్చీలో కూర్చున్న మొహాన్ని ఇంకేం చెక్ చేస్తారు స్వామీ?

అయిదున్నర అడుగులకు ఆరని రాసుకునేవాళ్లను, కొండపోచమ్మ సాగర్ కట్ట మీద ఎవడిదో కారుకు ఆనుకుని 'బిజినెస్' అనేవాళ్లను వదిలేద్దాం. వాళ్లతో పోయేది టైమే.

అసలు దొంగ ఫొటోలోనే ఉండడు. కొడుకు కొలువని కంబోడియా పోయి సైబర్ మోసాల కంపెనీలో చిక్కాడని 2024లో ఒక సిరిసిల్ల తల్లి మొత్తుకుంటేనే కదా పోలీసులు కదిలింది? నీతో 'బంగారం' అని చాటింగ్ చేసే అమ్మాయి, పాస్‌పోర్టు గుంజేసుకుంటే అక్కడ తన్నులు తింటున్న మన పిల్లగాడే కావచ్చు. వీడియో కాల్ అంటే జీతానికి పెట్టుకున్న మోడల్ వస్తుంది. ఆమె మొహం కూడా అసలుదే. ఆమెకూ ఒక బ్యాడ్జీ ఇవ్వండి!

ఇక మన నిర్వాకం. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే బ్యాంకుల్లోనే ఆపే వీలుంటుంది. చెయ్యరు. ఎందుకు చేస్తారు? "ఇంత చదువుకున్నవ్, బుద్ధి లేదా" అని ఇంట్లో, స్టేషన్లో, చాయ హోటల్లో కూడా మనమే కదా నవ్వేది? ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలుండేది మోసం చేసినోడికి. తల దించుకుని తిరిగేది మోసపోయినోడు. సిగ్గుండాల్సింది మనకు.

గోల్డని, ప్లాటినమని నెలనెలా వసూలు చేసే టిండర్ దొరలారా, ఒక్కటి చెప్పండి. సిద్దిపేట సైబర్ పోలీసు అడిగితే ప్రొఫైల్ వెనకున్న ఫోన్ నంబరు ఎన్ని గంటల్లో ఇస్తారు? ముందు అది ప్రకటించండి. మొహాలు తర్వాత చూసుకుందాం.